మొండి జబ్బులూ ఆయుర్వేదమూ: మా కోనసీమ క్లినిక్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం దగ్గర ఒక పల్లెలో నాకు చిన్న ఆయుర్వేద క్లినిక్ ఉంది. వచ్చేవాళ్లలో ఎక్కువమందికి జబ్బు కొత్తది కాదు. ఐదేళ్లుగా మోకాళ్లు, పదేళ్లుగా గ్యాస్, చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. తిరగని ఆస్పత్రి ఉండదు, వాడని మాత్ర ఉండదు. చివరికి ఎవరో చెబితే మా గుమ్మం ఎక్కుతారు. ప్రశ్నలు మాత్రం అందరివీ ఇంచుమించు ఒకటే. బయట బెంచీ మీద కూర్చున్నంతసేపూ చదువుకుంటారని ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇది చదివి సొంతంగా మందు మొదలుపెట్టకండి, ఉన్న మందు ఆపకండి.

డాక్టరమ్మ గారూ, ఇంగ్లిషు మందులు ఆపేసి రమ్మంటారా?

ఆపొద్దు. బీపీ, షుగర్, థైరాయిడ్, మూర్ఛ, గుండె మందులు, రక్తం పలచబడే మందులు వీటిలో ఏదీ నా దగ్గరకు వస్తున్నామని ఆపకూడదు. మూర్ఛ మాత్రలు నాలుగు రోజులు మానేస్తే ఫిట్స్ మళ్లీ తిరగబెడతాయి. స్టెంటు వేయించుకున్నాయన మాత్ర ఆపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. తగ్గించే వీలుంటే పరీక్షలు చూసి, ఆ మందు రాసిన డాక్టరుతో మాట్లాడి తగ్గిస్తాం. నేనే ఉత్తరం రాసిస్తాను, తీసుకెళ్లి చూపించండి. కొంతమంది డాక్టర్లు విసుక్కుంటారు. అయినా చూపించండి.

రెండు రకాల మందులూ వాడేటప్పుడు మధ్యలో గంట, గంటన్నర ఎడం ఉంచమంటాను. థైరాయిడ్ మాత్ర మాత్రం పరగడుపున ఒంటరిగానే వేసుకోవాలి. దానితోపాటు నా కషాయం కూడా తాగేయకండి.

అసలు ఏ జబ్బులకు పనిచేస్తుంది?

నా అనుభవంలో అరిగిన మోకాళ్లు, నడుం నొప్పి, మలబద్ధకం, పుల్ల తేన్పులు, మొలలు, కొన్ని చర్మవ్యాధులు, ఊరికే వచ్చిపోయే జలుబు తుమ్ములు, నిద్రపట్టకపోవడం, ఇలాంటివాటికి రోగికి తేడా తెలిసేంత ఉపశమనం ఇవ్వగలం. నెలసరి ఇబ్బందులకు కూడా. అయితే స్కానింగ్ చేయించుకోకుండా మందు ఇవ్వను. ఉబ్బసానికి తోడు వైద్యంగా ఇస్తాను, పీల్చే మందు జేబులో ఉండాల్సిందే.

గుండెపోటు, క్యాన్సర్, టీబీ, చిన్నపిల్లలకొచ్చే ఇన్సులిన్ షుగర్, కిడ్నీలు పాడవడం, ఎముక విరగడం, ఇవి మా చేతిలోవి కావు. క్యాన్సర్‌కు చెట్టు మందు తాగుతూ ఆరు నెలలు పోగొట్టుకుని వచ్చినవాళ్లను చూశాను. ఆ ఆరు నెలలు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

మోకాళ్లు అరిగిపోయాయన్నారు. ఆపరేషన్ తప్పుతుందా?

ఎక్స్‌రే చూడాలి. అరిగిన గుజ్జును మళ్లీ పుట్టించే మందు నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. నొప్పి తగ్గించడం, బిగుసుకున్న కీలు వదులయ్యేలా చూడడం, తొడ కండరాలకు బలం తేవడం, బరువు తగ్గించడం, ఈ నాలుగూ కుదిరితే చాలామందికి ఆపరేషన్ కొన్నేళ్లు వెనక్కి జరుగుతుంది. కాలు వంకర తిరిగి, రాత్రిళ్లు నొప్పికి నిద్ర లేకపోతే మాత్రం నేనే ఎముకల డాక్టరు దగ్గరికి పంపిస్తాను.

మా దగ్గర ఎక్కువగా చేసేది జానుబస్తి. మినప్పిండిని చపాతీ ముద్ద కన్నా గట్టిగా కలిపి, తాడులా పేని, మోకాలి చిప్ప చుట్టూ గోడలా కడతాం. అంచులు తడి వేలితో నొక్కి నొక్కి అతికించాలి, లేకపోతే నూనె అంతా మంచం మీదికి కారిపోతుంది. నూనె గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టం, వేడినీళ్ల గిన్నెలో దించుతాం. ముందు నా మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూస్తాను. తర్వాత ఆ గోడ లోపల పోస్తాం. చల్లారిన నూనె దూదితో తీసేసి వెచ్చనిది పోస్తూ అరగంట. మొదటిరోజు చాలామంది అక్కడే గురకపెడతారు. వారం, పది రోజులు చేస్తాం, ఆ తర్వాత ఇంట్లో వ్యాయామం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. నూనె పోయించుకోవడానికి రోజూ వస్తారు, వ్యాయామం మాత్రం చేయరు. మీరూ అంతే అయితే డబ్బు దండగ అని ముందే చెప్పేస్తున్నాను.

షుగర్ వల్ల కాళ్లకు తిమ్మిరి ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. వాళ్లకు వేడి తెలియదు, కాలిపోతుంది.

ఇంట్లో కొబ్బరినూనె బోలెడంత ఉంది. అదే రాసుకుంటే పోదా?

తలకు, ఒంటికి, వేసవిలో మంటలకు బాగుంటుంది. కొబ్బరినూనెది చలవ గుణం. బిగుసుకున్న కీలుకు వేడి చేసే నువ్వులనూనె కావాలి. అందుకే మా వాతం తైలాలు చాలావరకు నువ్వులనూనెతోనే కాస్తారు. నువ్వులనూనెలో వావిలాకు వేసి కాచుకున్నా బాగుంటుంది. ఆకు పచ్చిదనం పోయి, చేత్తో నలిపితే గలగలలాడే వరకు సన్న సెగ మీద కాచాలి.

మా ఊళ్లోనే ఇన్ని కాళ్ల నొప్పులు, ఇంత నీరు పట్టడం ఎందుకండీ?

నాకు భలే ఇష్టమైన ప్రశ్న ఇది. ఆయుర్వేదం మనిషి ప్రకృతితోపాటు నేల ప్రకృతి కూడా చూడమంటుంది. నీళ్లు, చెట్లు, తేమ ఎక్కువున్న నేలను ఆనూప దేశం అంటారు. ఎండిపోయిన మెట్ట నేల జాంగల దేశం. ఆనూపంలో వాతం, కఫం ఎక్కువగా ఉంటాయని ఆయుర్వేద గ్రంథం రాసిన చరకుడి మాట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలవలు పారినప్పటి నుంచీ మన డెల్టా ఎలా ఉందో చూడండి. ఇంటి ముందు కాలవ, వెనక చెరువు, పక్కన వరి, పైన కొబ్బరి నీడ. గోడలకు కూడా నెమ్ము.

దీనికి తోడు పని. నాట్లు వేసే ఆడవాళ్లు నడుం వంచి, పిక్కల దాకా బురదనీళ్లలో రోజంతా నిలబడతారు. మోకాలికి, నడుముకు ఆ శ్రమే పెద్ద కారణం, తేమ దాన్ని గుర్తుచేస్తూ ఉంటుంది. అందుకే ఒకే మోకాలి నొప్పికి అనంతపురంలో ఇచ్చే సలహా, అంతర్వేదిలో ఇచ్చే సలహా ఒకటి కాదు. ఇక్కడ నేను శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, కాపడం వైపు ఎక్కువ మొగ్గుతాను.

ఫలానా ఊళ్లో పొడి ఇస్తున్నారు, మూడు రోజుల్లో నొప్పి పోతోందట. వాడొచ్చా?

మూడు రోజుల్లో పోతోందంటేనే అనుమానించండి.

అరవై దాటిన ఒకావిడ నరసాపురం వైపు నుంచి, సఖినేటిపల్లి రేవులో పంటు దాటి వచ్చారు. "ఆయ్, పొడి వేసుకున్న మూడో రోజుకే లేచి నడిచేశానండి" అన్నారు. మరి నా దగ్గరికి ఎందుకు వచ్చినట్టు? ముఖం గుండ్రంగా ఉబ్బింది, ముంజేతుల మీద ఎక్కడ తగిలినా నల్లగా కమిలిపోతోంది, ఎన్నడూ లేని షుగర్ వచ్చింది. కొంగున కట్టుకున్న పొట్లం విప్పి చూపించారు. పేపరు మడత, లోపల గోధుమరంగు పొడి, శొంఠి వాసన. పేరేంటంటే "వాతం పొడండి" అన్నారు. ఎనిమిది నెలలుగా వాడుతున్నారట.

ఇలాంటి పొట్లాల్లో చాలాసార్లు స్టెరాయిడ్ మాత్రలు నూరి కలుపుతారు. నొప్పి చిటికెలో పోతుంది, ఆకలి వేస్తుంది, ఒళ్లు చేస్తుంది. ఆ తర్వాత బీపీ, షుగర్ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. ఇంకో చిక్కు ఏమిటంటే, ఒక్కసారిగా ఆపినా ప్రాణం మీదికి వస్తుంది, ఎందుకంటే ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఈలోగా ఆగిపోయి ఉంటుంది. అందుకే ఆవిడతో ఆపేయమని అనలేదు. టౌన్లో జనరల్ డాక్టరు దగ్గరికి పంపాను. ఆయన మాత్ర రూపంలో ఇచ్చి, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు. నొప్పి రెండు నెలలపాటు ముందుకన్నా ఎక్కువైంది. ఆ కోపమంతా నా మీదే. "ఆ పొడే బాగుంది" అని ఇప్పటికీ అంటారు.

పేరు లేని పొట్లం వద్దు. నా దగ్గర ఇచ్చినా వద్దు. డబ్బా మీద మందు పేరు, అందులో ఏమేం కలిపారో, కంపెనీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారుచేసిన తేదీ, గడువు తేదీ ఉండాలి. విషద్రవ్యాలు శుద్ధి చేసి కలిపిన మందు అయితే వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని కూడా రాసి ఉంటుంది. అది చదివి భయపడనక్కర్లేదు, అడిగి తెలుసుకోండి.

షుగర్‌కు ఆయుర్వేదంలో శాశ్వత పరిష్కారం ఉందని టీవీలో చెబుతున్నారు?

షుగర్, క్యాన్సర్, పక్షవాతం, మూర్ఛ, బొల్లి లాంటివాటిని నయం చేస్తామని ప్రకటన వేయడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. చట్టం ఉంది, ప్రకటనలూ ఉన్నాయి.

నేను చేసేది ఇది. తిండి, నడక, బరువు, నిద్ర సరిచేస్తూ అవసరమైతే పొడపత్రి లాంటి మందు కలుపుతాను. పొడపత్రి సరదా మొక్క. పచ్చి ఆకు ఒకటి నమిలి ఉమ్మేసి, తర్వాత చెంచాడు పంచదార నోట్లో వేసుకోండి. ఇసుక నమిలినట్టు ఉంటుంది. నాలుక మీద తీపి తెలియకుండా కాసేపు అడ్డుపడుతుంది ఆ ఆకు. మా క్లినిక్‌లో పిల్లలు ఒకరితో ఒకరు పందెం వేసుకుని నములుతారు. నాలుకకు తీపి తెలియనంత మాత్రాన రక్తంలో చక్కెర మాయం కాదు సుమా. చేదు మందులు షుగర్ మాత్రలతో కలిస్తే షుగర్ మరీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. అందుకే ఇంట్లో షుగర్ చూసుకునే మిషన్ ఉండాలి, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) పరీక్ష చేయించాలి.

ఇంకో మాట. పూతరేకులు బెల్లంతో చేసినవైతే ఫర్వాలేదా అని అడుగుతారు. ఫర్వా ఉంది. కంచంలో అన్నం కొండ కూడా తగ్గాలి.

గ్యాస్‌కు రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటున్నాను. దీన్నుంచి బయటపడొచ్చా?

చాలామంది పడొచ్చు. ముందు రాత్రి భోజనం ఎనిమిది లోపు ముగించాలి, టీలు రెండుకు రావాలి, ఆవకాయ ఎర్రటి నూనె పక్కన పెట్టాలి. వీటితో సగం మందికి తేలికవుతుంది. మిగతావాళ్లకు అవిపత్తికర చూర్ణం లాంటివి ఇస్తాను. నలభై ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన కడుపునొప్పి, నల్లటి విరేచనం, బరువు తగ్గడం, ముద్ద దిగకపోవడం ఉంటే మాత్రం ముందు ఎండోస్కోపీ.

పథ్యం ఉంటుందా? చేపలు మానేయాలా?

చేపల సంగతి అడిగేటప్పుడు మా ఊరి వాళ్ల గొంతు కాస్త తగ్గుతుంది. పుస్తెలమ్మయినా పులస తినాలనుకునే నేల ఇది, వరదల్లో పులస వద్దని చెప్పి నేనిక్కడ బతకగలనా? తినండి. పొద్దుపోయాక కాదు, పాలతో, పెరుగుతో కలిపి కాదు. ఆ కలయికను శాస్త్రం విరుద్ధాహారం అంటుంది. దురదలు, చర్మరోగాలు ఉన్నవాళ్లకు రొయ్యలు, ఎండుచేప కొన్నాళ్లు ఆపి చూస్తాను. యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్లకు కూడా అంతే. బీపీ ఉన్నవాళ్లకు ఎండుచేపలో ఉప్పే శత్రువు.

రాత్రి పెరుగు మానండి, పలచటి మజ్జిగ తాగండి. ఇది చెబితే పాలకొల్లు నుంచి వచ్చిన ఒకాయన "పెరుగు లేకుండా అన్నం ఎలా ముగుస్తుందండీ" అన్నారు. నిజమే, ఆయన కష్టం నాకు అర్థమైంది. మధ్యాహ్నం వేసుకోమన్నాను.

అందరికీ ఒకే పథ్యం ఉండదు. వంకాయ, గోంగూర, గుమ్మడికాయ అని అచ్చువేసిన చీటీ చేతిలో పెట్టేవాళ్లను నేనంతగా నమ్మను.

బోదకాలుకు మందు ఉందా?

వాచి గట్టిపడ్డ కాలును మామూలు కాలుగా మార్చే మందు లేదు. కానీ చేయగలిగింది చాలా ఉంది. పాత నీళ్లు నిలిచి, అన్ని రుతువుల్లోనూ చల్లగా ఉండే చోట్ల శ్లీపదం, అంటే బోదకాలు, ఎక్కువని మా శాస్త్రం ఎప్పుడో రాసింది. మన డెల్టాను చూసి రాసినట్టే ఉంటుంది. మురుగునీటి దోమ కుడితే వచ్చే పురుగు వల్ల ఇది వస్తుందని తర్వాత తెలిసింది. గవర్నమెంటు వాళ్లు ఇంటికొచ్చి ఇచ్చే ఫైలేరియా మాత్రలు వాళ్ల ముందే మింగండి, దిండు కింద దాచకండి.

కాలు వాచినవాళ్లు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. సందుల్లో తెల్లగా నానిపోయిన చర్మం నుంచే క్రిములు లోపలికి పోయి, చలిజ్వరం, ఎర్రటి వాపు వస్తాయి. జ్వరం వచ్చినప్పుడు నా దగ్గరికి కాదు, ఆస్పత్రికి వెళ్లి యాంటీబయాటిక్ వేయించుకోండి. జ్వరాలు రాని రోజుల్లో కాలు ఎత్తులో పెట్టుకోవడం, కట్టు, మడమ కదిలించే వ్యాయామం, గలిజేరు కలిసిన మందులు, ఇవన్నీ కలిసి బరువు తగ్గిస్తాయి. పదేళ్ల తర్వాత మళ్లీ చెప్పు పట్టిందని ఒక రైతు ఆ చెప్పులు చేత్తో పట్టుకుని చూపించడానికి వచ్చాడు. వేసుకుని రావచ్చుగా అన్నాను. బురదండి, అన్నాడు.

మా నాన్నగారికి కీళ్లవాతం. ఆముదం తాగిస్తే చాలంటారు?

అరిగిన కీళ్లు వేరు, కీళ్లవాతం వేరు. పొద్దున్నే వేళ్లు గంటకు పైగా బిగుసుకుపోయి, రెండు చేతులకూ ఒకేసారి వాస్తే రక్తపరీక్ష చేయించాలి. ఈ కీళ్లవాతాన్ని మేం ఆమవాతం అంటాం. ఒళ్లనే అడవిలో తిరిగే ఆమవాతమనే ఏనుగుకు ఆముదమే సింహమని మా వాళ్ల శ్లోకం. నేనూ వాడతాను, తగిన మోతాదులో. అయితే మొదటి ఏడాదిలోనే కీలు తినేయకుండా ఆపే మందులు ఇంగ్లిషు వైద్యంలో ఉన్నాయి. సింహాన్ని నమ్ముకుని వాటిని వదులుకోవద్దు.

పక్షవాతానికి?

మూతి వంకర, మాట తడబాటు, చెయ్యి లేవకపోవడం, ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, అదీ స్కానింగ్ అయ్యాకే. లంక గ్రామాల నుంచి రాజమండ్రో కాకినాడో చేరేసరికే అందులో సగం పోతుంది. పసరు పోయించడానికి వేరే ఊరు తీసుకెళ్లి తిరిగి వచ్చేసరికి ఇంకేం మిగలదు. నిలకడపడ్డాక తైలం మర్దన, బస్తి (ఎనిమాలా ఇచ్చే మందు) ఫిజియోథెరపీతో పాటు మేం చేస్తాం.

ఆయుర్వేదానికి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు కదా?

ఉంటాయి. పనిచేసే గుణం ఉన్నదేదైనా చెడు చేసే గుణం కూడా ఉంచుకుంటుంది. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. అశ్వగంధ థైరాయిడ్ ఎక్కువున్నవాళ్లకు పనికిరాదు, అరుదుగా కాలేయానికి దెబ్బ. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం ఇష్టమొచ్చినట్టు తాగి కాలేయం పాడైన కేసులు డాక్టర్లు నమోదు చేశారు. ఆసవాలు, అరిష్టాల్లో పులిసి పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది. సరిగా శుద్ధి చేయని భస్మాల్లో సీసం, పాదరసం కిడ్నీలకు చేటు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అడగకుండా ఏదీ వాడొద్దు.

నేనూ తప్పు చేశాను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఉబ్బసం ఉన్న ఒకాయనకు లేహ్యం రాసిచ్చాను. షుగర్ ఉందా అని అడగలేదు, ఆయన చెప్పలేదు. లేహ్యమంటే సగం పంచదార పాకమే. పదిహేను రోజులకు మూడు వందలు దాటిన రిపోర్టు పట్టుకొచ్చారు. ఏమీ అనలేదు పాపం, రిపోర్టు బల్ల మీద పెట్టి కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా మొదటి ప్రశ్న షుగరే.

గట్టు మీద మొక్కలు కోసుకుని వాడుకోవచ్చా?

మన గట్ల మీద గలిజేరు, నీరుగొబ్బి, గుంటగలగర, నేల ఉసిరి, సరస్వతి ఆకు బోలెడు. కానీ పక్కనే వరికి పురుగుమందు కొడతారు, రొయ్యల చెరువుల నీళ్లు వదులుతారు. ఆ ఆకు కోసుకోకండి. కావాలంటే కడియం నర్సరీలో మొక్క కొని పెరట్లో వేసుకోండి, ముందు ఎవరికైనా తెలిసినవాళ్లకు చూపించి.

మొలలకు, లూటీకి కోత లేకుండా అవుతుందా?

మొదటి దశ మొలలు మందులతో, పీచు తిండితో తగ్గుతాయి. లూటీకి, అంటే మలద్వారం పక్కన పుండు పడి దారి చేసుకునే భగందరానికి (ఫిస్టులా), క్షారసూత్రం అనే మందు దారం మా వైద్యంలో గట్టి ఆధారమున్న చికిత్సల్లో ఒకటి. దారానికి జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పూతలు మొత్తం 21 పూసి ఆరబెడతారు. ఆ దారాన్ని లూటీ దారిలో వేసి వారానికోసారి మారుస్తారు. అది నెమ్మదిగా కోస్తూ వెనక మాన్పుతూ వస్తుంది. నేను చేయను, శల్యతంత్రంలో (ఆయుర్వేద శస్త్రచికిత్స) పీజీ చేసినవాళ్ల దగ్గరికి పంపిస్తాను.

ఎన్నాళ్లు వాడాలి?

మండలం, అంటే నలభై రోజులు, చూద్దాం అంటాను. అప్పటికి ఏమీ తేడా లేకపోతే మందు మార్చాలి, లేదా దారే మార్చాలి. జీవితాంతం వాడాలని మొదటిరోజే చెప్పేవాళ్ల దగ్గర కాస్త ఆగి ఆలోచించండి.

నాడి చూసి జబ్బు చెబుతారా?

చూస్తాను. కానీ నాడి పట్టుకుని కిడ్నీ పరీక్షలో వచ్చే క్రియాటినిన్ ఎంతో చెప్పలేను.

అసలు డాక్టరో కాదో తెలిసేదెలా?

ఆయుర్వేద డాక్టరంటే బీఏఎంఎస్ డిగ్రీ ఉండాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. మన రాష్ట్రంలో విజయవాడ నోరి రామశాస్త్రి కాలేజీ ప్రభుత్వానిది, తిరుపతి ఎస్వీ కాలేజీ టీటీడీది. రిజిస్ట్రేషన్ నంబరు బోర్డు మీదా, మందుల చీటీ మీదా ఉండాలి, అడిగితే చూపించాలి. ఊళ్లో అందరూ డాక్టరు గారూ అని పిలిచే ఆర్‌ఎంపీ ఈ లెక్కలోకి రాడు, మంచివాడైనా సరే.

మొదటిసారి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

పాత చీటీలు, రిపోర్టులు, ఎక్స్‌రేలు. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రండి, మాత్రలు, సీసాలు, రాసుకునే నూనెలు. రాసుకొచ్చానని కాయితం ఇవ్వకండి, మందులే తేండి. వారం రోజులు ఏం తిన్నారో, ఎన్నింటికి పడుకున్నారో గుర్తుపెట్టుకోండి. మిమ్మల్ని చూసుకునేవాళ్లు ఒకరు వెంట ఉంటే మంచిది, ఎందుకంటే మీరు "రెండు ముద్దలేనండి" అంటే పక్కనున్న కోడలు నవ్వుతుంది, నాకు అసలు లెక్క తెలుస్తుంది. ఆ పేరు లేని పొట్లం ఉందే, అది కూడా తేండి. తిట్టను.